మాంసం కొట్టు కుర్రాడి సైకిలు

ఊళ్లలో మోటారు బళ్లు ఎంత పెరిగినా, పేదవాడికి సైకిలు ఇంకా పనిముట్టే. గడ్డిమోపు దానిమీదే, పాలకేను దానిమీదే, కూలికి పోయే మనిషి కేరియరుకు కట్టుకున్న అన్నం గిన్నె దానిమీదే. అలాంటి మనిషితో సైకిలు తొక్కు, ఒంటికి మంచిదని చెప్పి చూడండి. నవ్వుతాడు. పొద్దంతా ఒళ్లు వంచేవాడికి ఇంకో కసరత్తు దేనికంటాడు. ఆ మాటలో న్యాయముంది. అయితే సగమే ఉంది. మిగతా సగం ఇటలీ దేశపు ఒక రైతు కొడుకు బతుకులో కనబడుతుంది.

అతని పేరు ఫౌస్టో కొప్పి. 1919 సెప్టెంబరు 15న, వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో కాస్తెల్లానియా అనే చిన్న కొండపల్లెలో పుట్టాడు. పేద రైతు కుటుంబం, ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. చూడటానికి పీలగా ఉండేవాడు. ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లో మూలపడి ఉన్న తుప్పు సైకిలు ఒకటి దొరికితే, బ్రేకులు లేవని కూడా చూడకుండా బడి ఎగ్గొట్టి రోజంతా తొక్కాడట. ఆ తప్పుకు బళ్లో వందసార్లు రాయించారట. రాశాడు గానీ, తొక్కటం మానలేదు.

13 ఏళ్లకు చదువు ఆగిపోయింది. నోవి లిగురే అనే పట్నంలో ఒక మాంసం కొట్టులో పనికి కుదిరాడు. ఊరికీ ఆ పట్నానికీ దాదాపు 20 కిలోమీటర్లు. అన్నీ ఎత్తుపల్లాల డొంకదారులే. కొట్టులో అతని పని మాంసం పొట్లాలు ఇల్లిల్లూ తిరిగి అందించటం, అదీ సైకిలు మీద. బరువు, ఎగుడు, మళ్లీ బరువు, మళ్లీ ఎగుడు. ఎవరూ గడియారం పట్టుకుని పక్కన నిలబడలేదు. ఒంటరి దారి, కొండ, కుర్రాడు, అంతే.

ఈ దారుల్లో ఒంటికి జరిగేదేమిటో మనం కాస్త తెలుసుకోవాలి. సైకిలు మీద ఒంటి బరువు చాలావరకు సీటు మోస్తుంది. కాబట్టి పరుగులో పడే దెబ్బ మోకాలికి పడదు. తొడలూ పిక్కలూ మాత్రం ఆగకుండా పనిచేస్తాయి. అవి అడిగే రక్తాన్ని గుండె అందించాలి. ఇలా రోజూ, ఊపిరి ఆడేంత మాత్రంగా, నెలల తరబడి సాగితే గుండె ఒక్క కొట్టుకు ఎక్కువ రక్తం తోయటం నేర్చుకుంటుంది. అప్పుడు కూర్చున్నవేళ నాడి నెమ్మదిస్తుంది, ఎగుడు ఎక్కితే ఆయాసం ఆలస్యంగా వస్తుంది. కొప్పి గుండె మామూలు మనిషి గుండెకన్నా చాలా నెమ్మదిగా కొట్టుకునేదని తర్వాత డాక్టర్లు చూశారు. కొంత పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. మిగతాది ఆ కొండదారులు పెట్టిన భిక్షే.

ఓడల్లో పనిచేసే బాబాయి, కన్నతండ్రి కలిసి డబ్బు సర్ది పందెపు సైకిలు కొనిపెట్టారు. మొదటి పందెం గెలిస్తే వచ్చింది 20 లీరాలు, ఒక మాంసపు రొట్టె. ఇంకో పందెంలో అలారం గడియారం ఇచ్చారు.

అసలు మలుపు ఆ పట్నంలోనే ఉంది. బియాజియో కవన్నా అని ఒక మాలిషు మనిషి ఉండేవాడు. ఒకప్పుడు బాక్సరు, తర్వాత చూపు పోయింది. కళ్లు లేని ఆ మనిషి చేతులతో పిల్లల ఒళ్లు తడిమి, ఎవరిలో సత్తువుందో పసిగట్టేవాడు. ఈ పీల కుర్రాణ్ణి తడిమి తన శిష్యుల్లో చేర్చుకున్నాడు. తెల్లవారుజామున లేపటం, దూరాలు తొక్కించటం, మధ్యలో జోరు పెంచి తగ్గించటం, తర్వాత ఒళ్లు పట్టటం, వేళకు తిండి, వేళకు నిద్ర. ఆ రోజుల్లో పందెగాళ్లు మాంసం ముక్కలు దండిగా తింటేనే బలం అనుకునేవారు. కొప్పి కూరగాయలు, తేలిగ్గా అరిగే పిండిపదార్థాలు ఎంచుకున్నాడు.

మన కూలన్న ప్రశ్నకు మిగతా జవాబు ఇదే. కొప్పికి శ్రమ మాంసం కొట్టులోనే దొరికింది. అక్కడ దొరకనివి తిండి, నిద్ర, విశ్రాంతి. అవి జతపడిన తర్వాతే ఆ శ్రమ బలమయింది. జతపడకపోతే అదే శ్రమ నడుమును అరగదీస్తుంది, నలభై ఏళ్లకే ముసలివాణ్ణి చేస్తుంది. మన వీధుల్లో చూస్తూనే ఉన్నాం.

1940లో, 20 ఏళ్లకే, మూడు వారాలపాటు సాగే ఇటలీ చుట్టు పందెం గెలిచాడు. నిజానికి జట్టు నాయకుడు బర్తాలికి సాయంగా తీసుకున్న కుర్రాడతను. నాయకుడు కిందపడ్డాడు, కుర్రాడు వానలో కొండదారిన ఒంటరిగా ముందుకు పోయాడు. జూన్ 9న పందెం ముగిసింది. జూన్ 10న ముస్సోలినీ దేశాన్ని యుద్ధంలోకి దించాడు. 1942 నవంబరులో, మిలాన్ నగరం మీద బాంబులు పడుతున్న కాలంలో, గంటసేపట్లో 45 కిలోమీటర్లు దాటి తొక్కి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1956 దాకా దాన్ని ఎవరూ దాటలేదు. అయినా 1943లో ఉత్తర ఆఫ్రికాకు సిపాయిగా పంపారు. వెళ్లిన కొద్దివారాలకే బ్రిటిష్ సైన్యానికి ఖైదీ అయ్యాడు. 1945లో విడుదలై, కొంత సైకిలు మీద, కొంత దొరికిన బండి ఎక్కి, శిథిలమైన దేశం మీదుగా ఉత్తరాన ఉన్న ఇంటికి చేరాడు.

ఆ తర్వాత గెలుపులు చెప్పాలంటే పేజీ చాలదు. ఇటలీ పందెం మొత్తం ఐదుసార్లు, టూర్ ద ఫ్రాన్స్ రెండుసార్లు. 1949లో ఈ రెండూ ఒకే ఏడాదిలో గెలిచిన మొదటి మనిషి అయ్యాడు. ఆ ఏడు జూన్ 10న ఆల్ప్స్ పర్వతాల్లో ఐదు కనుమలు ఎక్కి దిగుతూ 192 కిలోమీటర్లు ఒక్కడే ముందు సాగి, రెండోవాడైన బర్తాలి కన్నా దాదాపు 12 నిమిషాలు ముందుగా చేరాడు.

దేవుడిలా చేసి చెప్పనక్కర్లేదు. ఆ కాలపు పందెగాళ్లు వాడే ఉత్తేజక మాత్రలు తనూ వాడానని అతనే ఒప్పుకున్నాడు. డొంకదారి ఇచ్చిన బలానికి అది మచ్చే. పందెం కూడా వాళ్ల ఇంటిమీద దెబ్బ కొట్టింది. 1951లో టూరిన్ నగరంలో తమ్ముడు సెర్సే సైకిలు చక్రం ట్రాము పట్టాల్లో ఇరుక్కుని పడి, ఆ దెబ్బకే చనిపోయాడు.

1959 డిసెంబరులో కొప్పిని ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు పిలిచారు. అప్పుడది ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు బుర్కినా ఫాసో అంటున్నాం. ఉత్సవాల సందర్భంగా సరదా పందెం, ఆ తర్వాత వేట. దోమలు ముసిరే గదిలో కొప్పి, ఫ్రెంచి పందెగాడు రఫాయెల్ జెమినియాని కలిసి పడుకున్నారు. తిరిగొచ్చాక ఇద్దరికీ జ్వరం పట్టుకుంది.

ఫ్రాన్సులో జెమినియాని రక్తం పరీక్ష చేశారు. మలేరియా అని తేలింది. క్వినైన్ ఇచ్చారు, బతికాడు. అతని ఇంటివాళ్లు ఆత్రంగా ఇటలీకి కబురు చేశారు, ఇది మలేరియా, చూసుకోండని. ఇటలీలో వైద్యులు ఆ మాట చెవిన పెట్టలేదు. వాళ్లు అనుకున్న జబ్బుకే వాళ్లు మందులిచ్చారు. మన మన్యం పల్లెల్లో చలిజ్వరం చూసిన ఏ ముసలమ్మయినా వణుకు చూడగానే అడిగే ప్రశ్న, ఏ ఊరు పోయొచ్చావని, దానికి అక్కడ జవాబు చేతిలోనే ఉంది, కబురు కూడా వచ్చింది. అయినా ఒక చుక్క రక్తం చూసి మలేరియా కనిపెట్టలేదు.

ఆల్ప్స్ కొండల్ని ఒంటరిగా ఎక్కిన ఆ గుండె 1960 జనవరి 2న, తోర్తోనా ఆసుపత్రిలో ఆగిపోయింది. వయసు 40. సొంత పల్లెలో తమ్ముడి సరసనే అతని సమాధి ఉంది. ఆ పల్లె పేరును 2019లో కాస్తెల్లానియా కొప్పి అని మార్చారు. క్వినైన్ అందిన జెమినియాని 2024 దాకా బతికాడు, 99 ఏళ్లకు పోయాడు.