డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పరదేశమున స్థిరపడగోరువాడు మొదట పని సంపాదింపవలెను. పిమ్మట ఆ దేశీయులలో నొకడు కావలెను. మొదటిది సాధించి, రెండవది పొందకయే లోకోపకారము గావించిన మన గోదావరి ప్రాంతీయుని చరిత్రము నిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మన కోరుకొండకు సమీపమందలి రాజమహేంద్రవరమున చదివిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసున కృతార్థులైరి. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందిరి. సోదరు లిరువురు స్ప్రూ అను పేగుల వ్యాధిచే మృతినొందగా, రోగముల మందులకై పరిశోధింప నిశ్చయించిరి. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా, 1920 దశకపు తొలినాళ్లలో అమెరికా చేరిరి.

ఆ దేశమున 1917 నాటి శాసనము ఆసియావాసులలో పెక్కుమంది రాకను నిషేధించి, విద్యార్థులను మాత్రము మినహాయించెను. హిందూదేశీయులు పౌరులగుట కర్హులు కారని 1923లో అచటి సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. సుబ్బారావుగారు జీవనమునకై బోస్టను ఆసుపత్రిలో రాత్రులు రోగుల మలమూత్రపాత్రలను కడిగిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేగారితో గూడి, రక్తమందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. పిమ్మట కండరములకు శక్తినిచ్చు పదార్థములను కనుగొనిరి. అయినను అచట స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు.

1940లో లెడర్లీ ఔషధసంస్థ చేరి, అచటి పరిశోధనలకు నాయకులైరి. వీరి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను; సోదరులను హరించిన స్ప్రూవ్యాధికి అదియే మందయ్యెను. 1947లో వెలువడిన హెట్రజాన్ మన డెల్టా ప్రజలను పీడించిన బోదకాలు వ్యాధికి ఔషధమై, నేటికిని వాడబడుచున్నది.

1946 నాటి క్రొత్త శాసనము ఏటా నూర్గురు హిందూదేశీయులకు ప్రవేశమును, పౌరసత్వపు టర్హతను నొసగెను. సుబ్బారావుగారు పౌరులు కాకయే 1948 ఆగస్టులో అచటనే గతించిరి. స్వదేశమున విడిచివచ్చిన భార్య శేషగిరిగారిని మరల చూడనేలేదు. ఈ నష్టమును గూడ మనము మరువరాదు.

1965 నాటి శాసనము ద్వారమును విశాలము చేయగా, నేడు పెక్కువేల తెలుగువారు అచట పౌరులై యున్నారు. శాశ్వత నివాసమునకై ఏండ్లతరబడి వేచియున్నవారును గలరు. విద్యార్థులారా! హక్కు ఆలస్యముగ వచ్చినను, శ్రద్ధతో చేసిన పని ముందుగనే మనుష్యుని స్థానమును చూపునని యీ చరిత్రము వలన గ్రహింపుడు. మన యూరికి వచ్చిన పరాయివానిని ఆదరించుటయు నేర్చుకొనుడు.