వెనుక గీత నుండి — మేజర్ టేలర్

సైకిలు పందెములలో హాండికాప్ అనే పద్ధతి ఉన్నది. బలహీనులను కొన్ని గజాల ముందు నిలిపి, మేటిని అందరికంటె వెనుక నిలుపుతారు.

1878లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నల్లజాతి కుటుంబంలో జన్మించిన మార్షల్ టేలర్, 1899లో మాంట్రియల్‌లో ఒక మైలు పందెమున ప్రపంచ విజేత అయ్యాడు. స్వదేశంలో వర్ణద్వేషం అడుగడుగునా అడ్డు తగిలింది. తోటి పోటీదారులే ఏకమై అతనిని చుట్టుముట్టేవారు. మతనిష్ఠ వలన ఎన్నో ఏండ్లు ఆదివారపు పందెములను, వాటి ధనాన్ని నిరాకరించాడు. ఆస్ట్రేలియా వెళ్లి, 1903లో అచ్చటి హాండికాప్ పందెములలో వెనుక గీత నుండి బయలుదేరాడు. 1904లో సిడ్నీలో పుట్టిన కుమార్తెకు ఆ నగరం పేరే పెట్టుకున్నాడు. 1932లో చికాగో ధర్మాసుపత్రిలో నిరుపేదగా కన్నుమూశాడు. 1948లో పూర్వపు సైకిలు వీరులు అతని భౌతికకాయాన్ని గౌరవప్రదమైన సమాధికి మార్చారు.

మైదానంలో బలవంతుని వెనుక నిలుపుట న్యాయం. సంఘంలో రంగు చూచి మనిషిని వెనుకకు నెట్టుట అన్యాయం. ఈ భేదాన్ని మన విద్యార్థులు గ్రహింతురని ఆశిస్తున్నాము.