గుంపేయి యొకోయిగారి జీవిత సంగ్రహము

చేతిలో నిముడు ఆటయంత్రము నెఱుగని బాలుడు నేటి దినములలో అరుదు. కొందఱు విద్యార్థులు యంత్రముతో వచ్చిన ఏర్పాటుతో తృప్తినొందక, తమకు నచ్చిన ఆటల పట్టికను, అనగా మెనూను, దానియందు నెక్కించుకొన జూచి, తెర నల్లబడిపోగా దిగులుపడుటయు మేము చూచియున్నాము. అట్టివారికి ఉపయోగపడునను తలంపుతో, ఈ యంత్రములకు త్రోవచూపిన ఒక జపాను దేశీయుని చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

యొకోయిగారు 1941వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరమున జన్మించిరి. ఆ నగరమందలి డోషిషా విశ్వవిద్యాలయమునందే ఎలెక్ట్రానిక్సు శాస్త్రము నభ్యసించిరి. ఆ విద్యాలయము 1875లో నీజిమా జో అను జపాను క్రైస్తవునిచే, అమెరికా మిషనరీల తోడ్పాటుతో స్థాపింపబడినది గావున, మిషను పాఠశాలకు జెందిన మనకు ఈ సంగతి ప్రీతికరము. చదువు ముగిసిన పిమ్మట 1965లో వారు నింటెండో కంపెనీలో ఉద్యోగమున జేరిరి. పూల బొమ్మలు గల జపాను పేకముక్కలను తయారుచేయుట ఆ కంపెనీకి తొలినుండియు గల వ్యాపారము. ఆ ముక్కలు చేయు యంత్రములను కాచుకొనుచు, చెడినపుడు బాగుచేయుటయే యొకోయిగారికి లభించిన పని.

తీరిక వేళలలో వారు తమ వినోదమునకై ఒక బొమ్మచేతిని చేసికొనిరి. కత్తెరవలె కూర్చబడిన పట్టీలు గల ఆ చేయి, పిడిని నొక్కినంతనే ముందుకు సాగి, దూరముననున్న వస్తువును పట్టుకొనును. కంపెనీ అధ్యక్షులగు యమౌచి హిరోషిగారు దానిని చూచి, యొకోయిగారిని తమ గదికి పిలిపించిరి. మందలింపు తప్పదని భయపడుచు వెళ్లిన ఆ యువకునికి, దానినే అమ్మకపు వస్తువుగా తీర్చిదిద్దుమను ఆజ్ఞ లభించెను. 1966లో అల్ట్రా హ్యాండ్ అను పేర వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు మించి అమ్ముడుపోయెను. యంత్రములను బాగుచేయువారు నాటినుండి బొమ్మలను కల్పించువారైరి.

ఒకనాడు యొకోయిగారు రైలులో ప్రయాణము చేయుచు, ఎదుట కూర్చున్న ఉద్యోగి యొకడు ప్రొద్దుపోక లెక్కల యంత్రపు మీటలు నొక్కుచుండుట గమనించిరి. నాటికి అట్టి యంత్రముల తెరలు మిక్కిలి చౌకయైనవి. ఆ తెరతోనే జేబులో నిముడు ఆటవస్తువును చేయవచ్చునని వారికి తోచెను. ఆ తలంపు 1980లో గేమ్ అండ్ వాచ్ అను రూపము దాల్చి, కాలక్రమమున 4 కోట్ల 34 లక్షల యంత్రములు అమ్ముడయ్యెను. 1982లో డాంకీ కాంగ్ ఆటకై చేసిన యంత్రమున, బొటనవ్రేలితో నలుదిక్కులకు నడుపుటకు కూడిక గుర్తువంటి మీటను వారు అమర్చిరి. నేటి ఆటయంత్రములలో చాలవాటియందు కనబడు అట్టి మీటకు అదియే మూలము.

క్రొత్తదియు ఖరీదైనదియునగు సామగ్రికై పరుగెత్తక, పాతబడి చౌకయై, గుణదోషములు లెస్సగా తెలిసిన సామగ్రిని క్రొత్త త్రోవలో వాడవలయునని వారి సిద్ధాంతము. వారి నాయకత్వమున తయారై 1989 ఏప్రిలు 21న జపానులో వెలువడిన గేమ్ బాయ్ అందులకు నిదర్శనము. దాని తెరకు రంగులు లేవు. నాలుగు ఛాయలు మాత్రమే గలవు. పోటీ కంపెనీల యంత్రములు రంగుల తెరలతో వచ్చి, ఆరేసి పెన్సిలు సెల్లులను కొలది గంటలలో హరించుచుండగా, ఇది నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా నడిచెను. రంగుల తెరతో 1998లో వచ్చిన రూపముతో గలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యెను.

ఈ యంత్రము మేలుకొను క్రమము విద్యార్థులు తెలిసికొనదగినది. మీట వేయగానే లోపలనున్న 256 బైట్ల చిన్న ప్రోగ్రాము, కార్ట్రిడ్జినుండి కంపెనీ గుర్తును చదివి తెరపై పైనుండి క్రిందికి దింపును. పిదప దానిని తనయొద్దనున్న గుర్తుతో సరిపోల్చును. సరిపడనిచో అచ్చటనే నిలిచిపోవును. సరిపడిన వెంటనే ఆట మొదలగును. దీనికి స్వంత మెనూ లేదు. మెమరీ కార్డు పట్టు కార్ట్రిడ్జిని ఔత్సాహికులు తరువాతి కాలమున కల్పించి, దానిద్వారా మెనూను చేర్చిరి. అదియు ఈ గుర్తు పరీక్షను దాటవలసినదే.

కావున చిక్కు ఎచ్చట గలదో తెర చూచియే గ్రహింపవచ్చును. గుర్తు నల్లదిమ్మవలె కనబడినచో, ముందుగా కార్ట్రిడ్జి కొనయందలి లోహపు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూదితో తుడిచి ఆరనీయవలెను. గుర్తు సరిగా వచ్చి మెనూ రానిచో, దోషము తఱచుగా కార్డునందుండును. దానియందున్నదెల్ల కంప్యూటరులో భద్రపఱచి, కార్డును ఫ్యాట్32 పద్ధతిని ఫార్మాటు చేసి, మెనూ ఫైళ్లను తయారీదారులు చెప్పిన పేరుగల ఫోల్డరునందే, పేరు మార్చక ఉంచవలెను. మెనూ వచ్చియు యంత్రము నడుమ ఆగుచున్నచో, సెల్లులు నీరసించెనేమో చూడవలెను. అట్టి కార్ట్రిడ్జి విద్యుత్తు నెక్కువగా త్రాగును. ఇతరుల ఆటలను దొంగిలించి కార్డు నింపుట మాత్రము తగదు.

యొకోయిగారికి అపజయమును తప్పలేదు. 1995లో వెలువడిన వర్చువల్ బాయ్ అను ఎఱ్ఱని తెరల యంత్రము ప్రజలకు రుచింపక, ఏడాది తిరుగకమునుపే జపానులో నిలిచిపోయెను. ఆ పరాభవమైన వెంటనే వారు వెడలిపోలేదు. గేమ్ బాయ్‌ను మఱింత చిన్నదిగా తీర్చి 1996లో వెలువరించిన పిమ్మటనే కంపెనీని వీడి, కోటో అను స్వంత సంస్థను నెలకొల్పిరి. అచ్చట బాండాయ్ కంపెనీకై వండర్‌స్వాన్ అను యంత్రమును రూపొందింప సాగిరి. అది ఒక్క పెన్సిలు సెల్లుతో నడచునది. కాని 1997 అక్టోబరు 4న, ఇషికావా ప్రాంతపు రహదారిపై తమ కారునకు ప్రమాదము జరుగగా, దిగి చూచుచుండిన వారిని మఱియొక కారు ఢీకొనెను. 56 ఏండ్ల ప్రాయముననే వారు కన్ను మూసిరి. వండర్‌స్వాన్ 1999లో వెలువడెను. దానితోపాటు వచ్చిన ఒక ఆటకు వారి పేరే పెట్టబడెను. ఆ యంత్రమును చూచు భాగ్యము లోకమునకు కలిగెనుగాని వారికి కలుగలేదు.

ప్రియ విద్యార్థులారా! పేకముక్కల యంత్రములకు నూనె వేయు పనిని హీనమని ఈయన తలంపలేదు. మీచేతి యంత్రము మొరాయించినపుడు విసుగుచెంది క్రొత్తదానికై తలిదండ్రులను వేధింపకుడు. అది మేలుకొను క్రమమును మెట్టుమెట్టుగా పరీక్షింపుడు. సామాన్య వస్తువును సమగ్రముగా నెఱిగినవానికి అదియే సంపదయగునని ఈ జీవితము మనకు బోధించుచున్నది.