థియోడోర్ విలియం రిచర్డ్స్

రిచర్డ్స్ 1868 జనవరి 31న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర ప్రాంతమైన జర్మన్‌టౌన్‌లో జన్మించాడు. తండ్రి సముద్ర దృశ్యాలకు పేరొందిన చిత్రకారుడు, తల్లి కవయిత్రి. తల్లియే ఆయనకు తొలి గురువు. ఇరవయ్యవ యేటనే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందాడు.

క్లోరైడు ద్రావణానికి సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లని సిల్వర్ క్లోరైడు అవక్షేపం ఏర్పడుతుంది. దానిని వడపోసి, కడిగి, ఆరబెట్టి తూచవలె. 143.5 గ్రాముల అవక్షేపంలో సుమారు 35.5 గ్రాముల క్లోరిన్ ఉంటుంది. నమూనాలోని క్లోరిన్ భారాన్ని లెక్కించడానికి ఈ నిష్పత్తే ఆధారం. ఈ మూలసంఖ్య తప్పితే ప్రతి ప్రయోగశాల లెక్కా తప్పుతుంది.

బెల్జియం శాస్త్రవేత్త స్టాస్ నిర్ణయించిన పరమాణు భారాలను ఆనాడు తిరుగులేనివిగా భావించేవారు. రిచర్డ్స్ వాటిని పునఃపరిశీలించ పూనుకున్నాడు. ద్రావణంలో మిగిలిన అణుమాత్రపు అవక్షేపాన్ని మసకను బట్టి కొలిచే నెఫెలోమీటరును రూపొందించాడు. తూచబోయే పదార్థానికి గాలిలోని తేమ సోకకుండా మరొక సాధనాన్ని కల్పించాడు. వెండి పరమాణు భారం 107.93 కాదనీ, 107.88 అనీ నిరూపించాడు.

యురేనియం ఖనిజాలలోని సీసం సాధారణ సీసం కంటె తేలికైనదని 1914లో ఇదే పద్ధతిలో తేల్చాడు. ఐసోటోపుల సిద్ధాంతానికి అది బలమైన సాక్ష్యమైంది. ఆ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనను వరించింది. రసాయనశాస్త్రంలో ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే. 1928 ఏప్రిల్ 2న ఆయన కన్నుమూశాడు. రెండవ దశాంశ స్థానంలోని దోషాన్ని సైతం ఉపేక్షించని నిష్ఠయే ఆయన కీర్తికి మూలం.