ఆర్చిబాల్డ్ హిల్: పరుగే ప్రయోగంగా సాగిన జీవితం

విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాస్త్రం చదివే విద్యార్థికి ప్రయోగశాలలో తప్పనిసరిగా ఎదురయ్యే పరీక్ష ఒకటుంది. ముఖానికి మాస్కు బిగించుకుని ట్రెడ్‌మిల్‌పై అలసిపోయే వరకు పరుగెత్తాలి. వేగం పెరిగేకొద్దీ శరీరం గ్రహించే ప్రాణవాయువూ పెరుగుతుంది. ఒక స్థాయికి చేరాక, ఎంత వేగంగా పరుగెత్తినా ఇక పెరగదు. వీఓ2 మాక్స్‌గా నేడు ప్రసిద్ధమైన ఈ పరిమితిని తన దేహంపైనే కొలిచి చూపినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్.

1886 సెప్టెంబరు 26న బ్రిస్టల్‌లో జన్మించిన హిల్, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో అభ్యసించింది గణితం. పట్టా పరీక్షలో మూడో స్థానంలో నిలిచినా, గురువు వాల్టర్ ఫ్లెచర్ సలహాతో శరీరధర్మ శాస్త్రానికి మళ్లారు. కప్ప కండరం ముడుచుకున్నప్పుడు పుట్టే వేడి డిగ్రీలో కొన్ని వేయో వంతులే. దాన్ని కొలిచే పనిముట్లను మెరుగుపరుస్తూ ఏళ్లు గడిపారు. ఆ కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి జర్మన్ శాస్త్రవేత్త ఆటో మేయర్‌హాఫ్‌తో కలిపి లభించింది.

అప్పటికి ఆయన మాంచెస్టర్‌లో ఆచార్యులు. స్వతహాగా పరుగు వీరుడు కావడంతో కప్పపై తేలిన సూత్రాలు మనిషిలో ఎలా పనిచేస్తాయో చూడాలనుకున్నారు. వీపున డగ్లస్ సంచి, నోట గొట్టం తగిలించుకుని, సహచరుడు హార్ట్‌లీ లప్టన్‌తో కలిసి పచ్చికపై గుండ్రంగా వేసిన బాటలో పరుగు తీశారు. నిర్ణీత వ్యవధిలో విడిచిన శ్వాసను సంచిలో పట్టి, పరుగు ఆగాక దాని పరిమాణాన్ని, అందులో మిగిలిన ప్రాణవాయువును లెక్కగట్టేవారు. ముప్పై ఐదేళ్లు దాటిన హిల్ శరీరం నిమిషానికి సుమారు 4 లీటర్ల ప్రాణవాయువును వినియోగించుకున్నట్లు తేలింది. అంతకు మించిన శ్రమను కండరం అప్పుగా తెచ్చుకుని, విశ్రాంతిలో తీరుస్తుందని ఆయన భావించారు. ఆక్సిజన్ అప్పు అన్న మాట అలా పుట్టింది.

1927లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరుగువీరులకు అయస్కాంతం కట్టి, బాట పక్కన తీగచుట్టలు అమర్చి, అడుగడుగునా మారే వేగాన్ని నమోదు చేశారు. నేటి ఎలక్ట్రానిక్ పరికరాలకు అలవాటుపడిన కళ్లకు ఇది ముచ్చటగొలిపే ఏర్పాటు.

లాక్టిక్ ఆమ్లమే కండర సంకోచానికి మూలమన్నది ఆనాటి నమ్మకం. హిల్ వివరణలూ దానిపైనే నిలిచాయి. ఆ ఆమ్లం ఏర్పడకుండానే కండరం ముడుచుకోగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించారు. నోబెల్ గ్రహీతకు ఇది చిన్న దెబ్బ కాదు. హిల్ వాదనకు దిగలేదు. తమ శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో స్వయంగా వ్యాసం రాశారు.

నాజీల వేధింపులకు గురైన విద్వాంసులను ఆదుకునేందుకు 1933లో ఏర్పడిన మండలిలో ఆయన ముందు నిలిచారు. లండన్‌లో ఆయన ప్రయోగశాలను ఆశ్రయించిన బెర్నార్డ్ కాట్జ్ 1970లో నోబెల్ అందుకున్నారు.

1943 చివర్లో భారతదేశానికి వచ్చిన హిల్ కొన్ని నెలలు ఇక్కడి శాస్త్ర సంస్థలను పరిశీలించి, 1944లో నివేదిక సమర్పించారు. బోధన, పరిశోధన కలిసి సాగే అఖిల భారత వైద్య కేంద్రం అవసరమని అందులో సూచించారు. భోర్ కమిటీ కూడా అదే కోరింది. 1956లో ఢిల్లీలో ఎయిమ్స్ ఏర్పడింది. హిల్ 1977 జూన్ 3న, 90 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జిలో కన్నుమూశారు.