జిమ్ మారిసన్

జిమ్ మారిసన్ (డిసెంబరు 8, 1943 - జూలై 3, 1971) అమెరికాకు చెందిన ప్రముఖ రాక్ గాయకుడు, గీత రచయిత, కవి. పూర్తి పేరు జేమ్స్ డగ్లస్ మారిసన్. లాస్ ఏంజెలెస్ నగరములో 1965లో ఏర్పడిన ద డోర్స్ అనే సంగీత బృందానికి ఇతడు ప్రధాన గాయకుడు. 27 సంవత్సరాలు మాత్రమే జీవించిన మారిసన్ అభిమానులకు ఆరాధ్యుడు. అయితే ఇతనికీ, ఇతని బృందానికీ లభించిన కీర్తి అర్హతకు మించినదా అనే చర్చ రాక్ సంగీత ప్రియులలో దశాబ్దాలుగా సాగుతున్నది.

బాల్యము, విద్య

మారిసన్ ఫ్లోరిడా రాష్ట్రములోని మెల్బోర్న్ పట్టణములో జన్మించాడు. తండ్రి జార్జ్ స్టీఫెన్ మారిసన్ అమెరికా నౌకాదళ అధికారి. 1964లో వియత్నాం యుద్ధ తీవ్రతకు కారణమైన టోంకిన్ సింధుశాఖ సంఘటన సమయములో అక్కడి నౌకాబలగానికి నాయకత్వము వహించాడు. తండ్రి ఉద్యోగరీత్యా తరచు బదిలీలు జరిగినందున మారిసన్ చదువు పలు ఊళ్ళలో సాగింది. చిన్ననాటి నుండి పుస్తక పఠనముపై మక్కువ ఎక్కువ. నీషే తత్త్వము, రింబో, బ్లేక్ కవిత్వము ఇతనిని ప్రభావితము చేశాయి. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి చలనచిత్ర కళలో పట్టభద్రుడయ్యాడు. తరువాత కుటుంబముతో సంబంధాలు తెంచుకొని, తల్లిదండ్రులు మరణించారని చెప్పుకునేవాడు.

ద డోర్స్ బృందము

1965 వేసవిలో వెనిస్ సముద్రతీరములో మారిసన్ తన సహాధ్యాయి రే మాంజరెక్‌కు తాను వ్రాసిన పాటలు వినిపించాడు. ఇద్దరూ కలిసి బృందాన్ని ఏర్పరచాలని నిశ్చయించుకున్నారు. డ్రమ్స్ వాయించే జాన్ డెన్స్‌మోర్, గిటారు వాద్యకారుడు రాబీ క్రీగర్ మహర్షి మహేశ్ యోగి భావాతీత ధ్యాన తరగతుల ద్వారా మాంజరెక్‌కు పరిచయమై బృందములో చేరారు. ఆల్డస్ హక్స్‌లీ పుస్తకము పేరు నుండి బృందము పేరు వచ్చింది. హక్స్‌లీ ఆ మాటను విలియం బ్లేక్ నుండి గ్రహించాడు.

1966లో విస్కీ ఎ గో గో క్లబ్బులో ఇచ్చిన కచేరీల వలన ఎలెక్ట్రా సంస్థతో ఒప్పందము కుదిరింది. 1967 జనవరిలో తొలి ఆల్బమ్ విడుదలైంది. అందలి లైట్ మై ఫైర్ పాట అదే సంవత్సరము మూడు వారాల పాటు బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానములో నిలిచింది. మారిసన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ పాటను ప్రధానముగా వ్రాసినది క్రీగర్. 1967 - 1971 మధ్య మారిసన్ గాత్రముతో ఆరు స్టూడియో ఆల్బమ్‌లు వెలువడ్డాయి.

చివరి సంవత్సరాలు

మద్యపానము మారిసన్ ఆరోగ్యాన్ని, కచేరీలను దెబ్బతీసింది. 1969 మార్చి 1న మయామీ కచేరీలో అసభ్యముగా ప్రవర్తించాడని కేసు నమోదైంది. దీనితో పలు కచేరీలు రద్దయ్యాయి. 1970లో న్యాయస్థానము ఆరు నెలల జైలు శిక్ష, 500 డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు విచారణలో ఉండగానే ఇతడు 1971లో పారిస్ వెళ్ళి, జూలై 3న అక్కడే మరణించాడు. మరణ కారణము గుండె ఆగిపోవడమని నమోదు చేశారు. శవపరీక్ష జరుపలేదు. ఇందువలన అనేక వదంతులు పుట్టాయి. సమాధి పెర్ లషేజ్ శ్మశానవాటికలో ఉన్నది. 2010లో ఫ్లోరిడా ప్రభుత్వము మయామీ కేసులో క్షమాభిక్ష ప్రకటించింది.

కీర్తిపై చర్చ

మారిసన్ కవిత్వములో ఆడంబరము ఎక్కువ, పరిణతి తక్కువ అని, మత్తులో ఇచ్చిన కచేరీలు నాసిరకముగా ఉండేవని విమర్శకులు అంటారు. అకాల మరణము, 1979లో అపోకలిప్స్ నౌ చిత్రములో వాడిన పాట, 1980లో వెలువడిన జీవితచరిత్ర, 1991లో ఆలివర్ స్టోన్ తీసిన చిత్రము కలిసి సామాన్య గాయకుని పురాణపురుషునిగా మార్చాయని వారి వాదన.

అభిమానుల వాదన వేరు. ప్రథమ స్థానము 1967లోనే, అనగా మరణానికి నాలుగేళ్ళ ముందే లభించింది కనుక కీర్తి అంతా మరణము తెచ్చినది కాదు. జాజ్, బ్లూస్, ఫ్లమెంకో రీతులను మేళవించడము ఆనాడు క్రొత్త. కచేరీలలో బాస్ గిటారు లేకుండా, మాంజరెక్ ఎడమచేతితోనే కీబోర్డుపై మంద్రస్వరాలు పలికించేవాడు.

ఈ చర్చలో రెండు విషయాలు గమనింపదగినవి. మారిసన్ మరణానంతరము మిగిలిన ముగ్గురూ చేసిన రెండు ఆల్బమ్‌లు ఆదరణ పొందలేదు. 1973లో బృందము రద్దయింది. మరొక వైపు, మారిసన్‌కు సంగీతములో శిక్షణ లేదు. అతని మాటలకు రూపమిచ్చినవారు ఆ ముగ్గురే. పాటల ఆదాయాన్ని నలుగురూ సమానముగా పంచుకునేవారు. కావున మారిసన్ ఒక్కనికే ఆపాదించే కీర్తి కొంత అధికమే అయినా, నలుగురి బృందముగా చూచినపుడు వారి తొలి ఆల్బమ్, చివరిదైన ఎల్.ఎ. వుమన్ రాక్ సంగీత చరిత్రలో ముఖ్యమైనవిగా పరిగణింపబడుతున్నాయి. 1993లో ఈ బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించింది.