మెక్‌షేను చరిత్రము: గ్రంథపఠనమునకు తగిన కొలత

హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరు వఱకు గల వీధులలో విద్యార్థులను పరీక్షలకు సిద్ధపఱచు శిక్షణాలయములు మెండు. పాఠము గడువులోపల ముగియుట వేఱనియు, అది మనస్సునకు పట్టుట వేఱనియు అచ్చటి విద్యార్థులు చక్కగా ఎఱుగుదురు. మతగ్రంథముల పఠనమునందును ఈ భేదమే కలదు. సంవత్సరారంభమున బైబిలును ఆద్యంతము చదువ సంకల్పించి, ఆదికాండ నిర్గమకాండములను ఉత్సాహముతో గడచి, లేవీయకాండమునందలి బలివిధుల యొద్ద నిలిచిపోయి, తమ్ము తామే నిందించుకొని గ్రంథమును మూసివైచువారు పెక్కుమంది. దోషము సంకల్పమునందు లేదు, కొలతయందు కలదు. ఈ కొలతను గూర్చి శ్రద్ధతో ఆలోచించిన యొక స్కాట్లండు దేశీయుని చరిత్రమును చదువరులకు విన్నవించుచున్నాము.

రాబర్టు మర్రే మెక్‌షేను 1813వ సంవత్సరము మే నెల 21వ తేదీన ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్రవృత్తియందు ఉండెను. నాలుగేండ్ల ప్రాయమున వ్యాధిచే మంచము పట్టినప్పుడు ఈ బాలుడు కాలక్షేపమునకై గ్రీకు అక్షరములను నేర్చుకొనెను. 1827లో ఎడింబరో సర్వకళాశాలయందు ప్రవేశించి, విద్యతోపాటు కవిత్వ సంగీత చిత్రలేఖనములయందును ప్రీతి గలవాడై యుండెను. 1831వ సంవత్సరము జూలై నెలలో జ్యేష్ఠభ్రాతయగు డేవిడ్డు మరణించెను. ఆ దుఃఖము ఈయన మనస్సును లోకవినోదములనుండి మరలించెను. ఆ సంవత్సరముననే దైవశాస్త్రాభ్యాసమునకై థామస్ ఛామర్సు గారి శిష్యుడయ్యెను.

1836వ సంవత్సరము నవంబరు 24వ తేదీన డండీ పట్టణమునందలి సెయింటు పీటరు దేవాలయమునకు బోధకుడుగా నియమింపబడెను. డండీ నాడు అవిసెనార బట్టల మిల్లులతో నిండిన పట్టణము. ఈయన బోధ వినువారు వేయిమందికి మించి యుండిరి. ఇంటింటికి పోయి రోగులను, దరిద్రులను పరామర్శించుటచే దేహము సన్నగిల్లెను. 1838వ సంవత్సరాంతమున పని మాని విశ్రమింపవలసి వచ్చెను. 1839లో మఱి ముగ్గురు బోధకులతో కూడి యూదుల స్థితిని విచారించుటకై పాలస్తీనాదేశమునకు పోయెను. ఆ కాలమున డండీలో ఈయన స్థానమున నిలిచిన విలియం బర్న్సు గారి బోధచే అనేకుల హృదయములు మాఱెను. ఒరుల చేతిమీదుగా తన పొలము పండెనని విని ఈయన అసూయపడక సంతసించెను.

1842వ సంవత్సరము డిసెంబరు నెలాఖరున, రాబోవు సంవత్సరమునకై ఈయన తన జనులకొక పఠనపట్టికను రచించి యిచ్చెను. దినమునకు నాలుగు భాగములు. రెండు కుటుంబమంతయు కూడి చదువవలసినవి, రెండు ఏకాంతమున చదువవలసినవి. జనవరి 1వ తేదీకి ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు అను నాలుగు గ్రంథముల మొదటి అధ్యాయములు నిర్ణయింపబడెను. ఇట్లు ఏడాదిలో పాత నిబంధన యొకమాఱును, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండుమాఱులును పూర్తియగును.

అయితే ఈ పట్టికకు ముందు ఈయన వ్రాసిన హెచ్చరికయే మాకు మిక్కిలి విలువ గలదిగ తోచుచున్నది. నియమమువలన లాభములను చెప్పుటకు మునుపే అపాయములను చెప్పెను. పఠనము ప్రాణములేని ఆచారమగుట మొదటిది. నేటి భాగము ముగించితిని గదా యని ఆత్మస్తుతికి లోనగుట రెండవది. భాగము తీర్చు తొందరలో అర్థమును విడుచుట మూడవది. మోయలేని భారమై మనస్సును క్రుంగదీయుట నాలుగవది. ఎవనికైన ఇది సంకెలగా తోచినయెడల దానిని విడిచి స్వేచ్ఛగా చదువుకొనవలెననియే ఈయన అభిప్రాయము. తాను చేసిన నియమమునకు దాసులు కావలదని తానే చెప్పగల గురువులు అరుదు.

ఆ పట్టికను అనుసరించి సంవత్సరమును ముగించు భాగ్యము ఈయనకు కలుగలేదు. తన ప్రజలలో వ్యాపించిన సన్నిపాతజ్వరము రోగులను చూడబోయిన ఈయనకును సోకెను. 1843వ సంవత్సరము మార్చి 25వ తేదీన, అనగా పట్టికయందలి 84వ దినమున, ముప్పది యేండ్లు నిండకయే మరణించెను. ఆయన పోయినను పట్టిక నిలిచినది. నేటికిని అనేక దేశములలో దానిని అనుసరించుచున్నారు.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? కొలత యనునది మనకు క్రొత్త కాదు. భాగవతమునకు సప్తాహము కలదు. ఖురానుకు ముప్పది భాగములు కలవు. బైబిలున 1,189 అధ్యాయములు కలవు. దినమునకు నాలుగు చదివిన పదిమాసములలోపల, రెండు చదివిన ఇరువది మాసములలోపల, ఒక్కటి చదివిన మూడు సంవత్సరముల మూడు మాసములలో పూర్తియగును. ఎల్.బి.నగరున మెట్రోరైలెక్కి నగరమధ్యమునకు పోవు ఉద్యోగికి ఒక అధ్యాయమునకు చాలినంత వ్యవధి దారిలోనే దొరకును. అధ్యాయములన్నియు సమానములును కావు. 117వ కీర్తన రెండు వచనములు, 119వ కీర్తన 176 వచనములు. కావున తీఱిక తక్కువగలవారు అధ్యాయములను లెక్కించుటకంటె పావుగంట కాలమును నిర్ణయించుకొనుట మేలని మా తలంపు.

దినములు తప్పినచో బాకీవలె కూడబెట్టి ఒక్కనాడు తీర్ప యత్నింపవలదు. నేటి భాగముతోనే మరల మొదలిడవలెను. గ్రంథమును ముగించితిమను ప్రతిష్ఠకంటె, చదివిన కొంచెము నడవడియందు కనబడుట ఘనము. మూడేండ్లు పట్టినను విడువక నడచువాడు, మూడు నెలలు పరుగెత్తి కూలబడినవానికంటె ముందుగా గమ్యము చేరును.